నీళ్ళు ఇవ్వకూడదన్న షరతు

మా అక్క చివరి రెండు నెలల్లో తాగినన్ని నీళ్ళు మనిషన్నవాళ్ళు తాగగా నేను చూడలేదు. పొద్దున్నే మంచం పక్కన పెట్టిన బిందె మధ్యాహ్నానికి ఖాళీ అయ్యేది. చెంబుతో ముంచుకునే ఓపిక లేనప్పుడు బిందె మీదికి వంగి, మూతి పెట్టి తాగేది. పశువులా తాగుతోందని వాళ్ళ అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేనూ లోపల అదే మాట అనుకున్నాను. పైకి అనలేదు, అంతే తేడా.

పందొమ్మిదివందల ముప్ఫయిల నాటి మాట ఇది. అక్క పెంటపాడు దగ్గర ఒక పల్లెలో కాపురం చేస్తుండేది. నేను ఏలూరులో ఒక చిన్న పత్రికకు వ్యాసాలు రాస్తూ, సంస్కరణ సభల్లో వాదిస్తూ ఉండేవాణ్ణి. అక్కకు పన్నెండో ఏట పెళ్ళయింది, పదహారో ఏట భర్త పోయాడు. మరో పదమూడేళ్ళు మా ఇంట్లో వెనక గదిలో బతికింది. నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. నేను పెద్దవాణ్ణయి విధవా వివాహాల పక్షాన గొంతు చించుకుంటుంటే, ఎదుటి పక్షంవాళ్ళు "ముందు మీ ఇంట్లో చేసి చూపించండి" అన్నారు. చేసి చూపించాను. వరుడు భార్య పోయిన రైతు, నెమ్మదస్తుడు. పెళ్ళి తాడేపల్లిగూడెంలో. పెళ్ళి అరగంట జరిగింది, ఉపన్యాసాలు మూడు గంటలు జరిగాయి.

"ఇది నా పెళ్ళా, నీ సభా?" అని అడిగింది అక్క, పీటల మీద కూర్చునే.

అయినా ఆ కాపురం బాగానే సాగింది. బావ ఆమెను ఒక్క మాట అని ఎరగడు. ఆరేళ్ళయ్యాక రొమ్ములో గడ్డ కనిపించింది. ఏలూరులో ఆపరేషన్ చేసి తీశారు. రాచపుండు అన్నారు. ఏడాది బాగుంది. తరువాత నడుములో, తొడ ఎముకల్లో నొప్పి మొదలైంది. ఆ వెనకే దాహం. గంటకోసారి ఒంటికి వెళ్ళడం. తిన్నది కక్కడం. వారమైనా విరేచనం కాకపోవడం. ఇవన్నీ వేటికవే జబ్బులనుకున్నాం. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కషాయం తాగించాం.

ఆపైన మనిషే మారింది. పట్టపగలు పొర్లి పొర్లి నిద్ర. లేపితే కొత్తవాళ్ళను చూసినట్టు చూపు. ఒకనాడు ఎసట్లో బియ్యానికి బదులు ఊక పోసింది. ఇంకొకనాడు ఇంటి దూలం వైపు చూస్తూ, ఎప్పుడో పోయిన మా అమ్మతో కొబ్బరి పచ్చడి సంగతి మాట్లాడింది. మర్నాడు అడిగితే ఏదీ జ్ఞాపకం లేదు.

దీనికి కారణం ఏమిటో నాకు ముప్ఫయ్యేళ్ళ తరువాత తెలిసింది. ఒక పెళ్ళిలో పక్కన కూర్చున్న కుర్ర డాక్టరుతో మాటల మధ్య అక్క సంగతి చెప్పాను. అతను విస్తరి లోంచి తల ఎత్తకుండానే చెప్పాడు.

"రాచపుండు ఎముకల్లోకి పాకితే, ఎముకలోని సున్నం కరిగి నెత్తుట్లో కలుస్తుందండీ. కాల్షియం అంటాం మేము. అది మితిమీరితే దాహం, వాంతులు, మలబద్ధకం. ఇంకా పెరిగితే మెదడు మొద్దుబారిపోతుందండీ. తికమక పడతారు, లేనివి చూస్తారు, ఆఖరికి స్మృతి తప్పుతుంది. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ ఇంకా ముదురుతుందండీ."

"మరి మందేమిటి?"

"ముందు నీళ్ళేనండీ. సెలైను ఎక్కిస్తాం. పుండు మానదనుకోండి, కానీ మనిషి తెలివిలోకి వస్తారు. కొన్నాళ్ళు తన మాట తను మాట్లాడుకుంటారు." అని పెరుగు వడ్డించేవాణ్ణి పిలిచాడు.

అతనికి తెలియదు తను ఎవరితో మాట్లాడుతున్నాడో.

వాళ్ళ అత్తగారు మాత్రం ముప్ఫయ్యేళ్ళు ఆగలేదు. మొదటి మొగుడు పట్టాడని ఆవిడ తేల్చేసింది. తాళి కట్టినవాడి పెళ్ళాన్ని ఇంకొకడికి కట్టబెడితే చచ్చినవాడు మాత్రం ఊరుకుంటాడా అని ఆవిడ వాదం. కొల్లేటి లంకలో ఒక భూతవైద్యుడున్నాడు. అక్కడికి పంపాలి. వదిలితే తిరిగి తెచ్చుకోవాలి, వదలకపోతే అక్కడే ఉంచాలి. ఆయన దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చిన ఆడవాళ్ళను నేను చూశాను. ఒంటి మీద వాతలు చూశాను. అక్కా చూసింది.

అక్క కోరింది ఒక్కటే. తన ఇంట్లో, తన మంచం మీద పోవడం. బతుకుతాననే ఆశ ఆమె ఎప్పుడో వదిలేసింది.

"ఒరే, నన్నెవరూ పట్టలేదురా. ఆయన బతికుండగానే నన్ను పట్టించుకోలేదు, చచ్చి పట్టుకుంటాడా?" అంది నాతో, తెలివిగా ఉన్న ఒక పూట. "ఆ లంకకు పంపకుండా చూడు. మీ బావ మంచివాడే గానీ వాళ్ళమ్మ ముందు నోరు లేదు. నీకు నోరుంది కదా."

నోరుంది. ఆ నోటితోనే ఏం చెప్పేవాణ్ణో రాస్తాను. దయ్యం పట్టడం వట్టి నాటకమని నేను అప్పటికి నాలుగైదు వ్యాసాలు రాసి ఉన్నాను. అత్తింట చాకిరీ చేసి విసిగిపోయిన ఆడది విశ్రాంతి కోసం పూనకం తెచ్చుకుంటుందని నా సిద్ధాంతం. ఉంటే దయ్యం ఉండాలి, లేకుంటే నటన అయి ఉండాలి. దయ్యం లేదు. కనుక నటన. సభలో ఈ మాటకు ఎప్పుడూ చప్పట్లు పడేవి. దయ్యం లేదన్నది నిజమే. మిగిలిన సగం నిజమో కాదో నేను ఒక్క రోగినైనా చూసి తేల్చుకున్నది కాదు.

అందుకని అడిగాను. "అక్కా, నిజం చెప్పు. తెలిసే చేస్తున్నావా ఇదంతా?"

"తెలిసే చేస్తే ఇంతకంటే బాగా చేద్దునురా. ఊక ఉడకేసుకునే నాటకం ఎవతైనా ఆడుతుందా? మీ బావ చేత గారెలు వండించుకుందును."

మళ్ళీ అంది. "ఒకటి కనిపెట్టానురా. నీళ్ళు తాగితే తల తేటపడుతోంది. పొద్దున్నే నాలుగు చెంబులు తాగి, కక్కకుండా నిలిస్తే, మధ్యాహ్నం దాకా నేను నేనే. తాగడం తగ్గిన రోజున ఆ గోడ కూడా నాతో మాట్లాడుతోంది. ఇప్పటికి ఎనిమిది రోజులుగా చూసుకుంటున్నాను."

"నీళ్ళతో బుద్ధి వచ్చేటట్టయితే కొల్లేట్లో గేదెలన్నీ పండితులు కావాలి" అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వించానని నేను సంతోషించాను. ఆ ఇంట్లో రోజూ గమనించి, తాగిన రోజును తాగని రోజుతో పోల్చి చూసి, ఫలితం తేల్చిన మనిషి ఆమె ఒక్కతే. అదే హేతువాదమని నేను సభల్లో నిర్వచనం చెప్పేవాణ్ణి. అది నా ముందు మంచం మీద పడుకుని మాట్లాడుతుంటే గేదెల కథ చెప్పాను.

భూతవైద్యుడే వచ్చాడు, అత్తగారి కబురు మీద. బక్కపలచటి మనిషి, మెత్తటి మాట. నేను వాదానికి పిలిచాను.

"మీరు చదువుకున్నవారండీ. మీతో నాకు వాదమేంటండీ" అన్నాడు.

నేను వదల్లేదు. వీధరుగు మీద పదిమంది ఉన్నారు, వాళ్ళు వింటున్నారు. అరుగు కనబడితే వేదిక అనుకునే అలవాటు నాది. పరీక్ష పెడదామన్నాను. ఊరి కరణం గారు మధ్యవర్తి. మర్నాడు పొద్దున్న పదింటికి అందరి ఎదటా అక్కను నాలుగు ప్రశ్నలు అడుగుతారు. తెలివిలో ఉన్న మనిషిలా సమాధానం చెబితే దయ్యం లేనట్టు, ఆమె ఇంట్లోనే ఉంటుంది, ఈయన మళ్ళీ గుమ్మం తొక్కకూడదు. చెప్పలేకపోతే నేనే స్వయంగా ఆమెను లంకకు తెచ్చి అప్పగిస్తాను, ఆయన పద్ధతులకు అడ్డం రాను.

ఆ చివరి మాట నన్నెవరూ అడగలేదు. గెలుస్తాననే ధీమాతో నేనే తగిలించాను.

"చిత్తమండీ. నాదొక్క షరతండీ" అన్నాడాయన. "ఈ పొద్దు గుంకిన దగ్గర్నుంచి నీళ్ళివ్వకూడదండీ. నీళ్ళు తాగితే లోపలున్నవాడికి బలం అంటాను నేను. మీరు ఒప్పుకోరు. రేపు ఆవిడ సరిగ్గా చెబితే నీళ్ళల్లో మందేదో కలిపారని మావాళ్ళంటారు. అదీ మీరు ఒప్పుకోరు. అసలు నీళ్ళే లేకపోతే ఇద్దరికీ పేచీ ఉండదు కదండీ."

నాకు అది న్యాయంగానే కనిపించింది. ఎదుటి పక్షానికి సందేహం మిగల్చకూడదన్నది వాదసభల్లో నేను నేర్చుకున్న మర్యాద. పైగా కష్టమైన షరతు ఒప్పుకుని గెలిస్తే ఆ గెలుపుకు విలువ ఎక్కువ.

బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "బావగారూ, ఆవిడ నీళ్ళు లేకుండా ఉండలేదండీ" అన్నాడు.

"ఒక్క పూటే కదా బావా. ఒక్క పూటకు ఎవరూ చచ్చిపోరు."

సాయంత్రం బిందె, చెంబు, కూజా నేనే తీసి కొట్టు గదిలో పెట్టి తాళం వేశాను. అక్కకు షరతు వివరించాను. అప్పుడు ఆమె తెలివిలోనే ఉంది. అంతా విని, "నేను చెప్పింది నీకు అర్థం కాలేదా?" అని మాత్రం అడిగింది. అర్థమైందన్నాను, నీ కోసమే ఇదంతా అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పదింటికి బావ, నేను ఆమెను రెండు పక్కలా పట్టుకుని అరుగు మీదికి తెచ్చాం. పెదవులు పగిలి ఉన్నాయి. నాలుక అంగిటికి అంటుకుని మాట ముద్దగా వస్తోంది. చూపు ఒకచోట నిలవడం లేదు. ఇది అన్యాయం, పరీక్ష ఆపండి అనడానికి ఆ క్షణం చాలు. నేను అక్కడున్న జనాన్ని లెక్కపెడుతున్నాను.

కరణం గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఇదే ఊరు?"

చాలాసేపటికి చెప్పింది. సరిగ్గానే చెప్పింది.

"ఈవిడ ఎవరమ్మా?"

అక్క అత్తగారి వైపు చూసింది. "ఆవిడేనండీ. నన్ను లంకకు పంపే ఆవిడ."

జనం ఘొల్లుమన్నారు. కరణం గారు కూడా నవ్వారు. నేను భూతవైద్యుడి మొహం చూశాను. గెలిచాననుకున్నాను.

"ఇవాళ ఏ వారమమ్మా?"

"నీళ్ళు" అంది అక్క.

"నీళ్ళనే వారం లేదమ్మా" అన్నారు కరణం గారు. జనం మళ్ళీ నవ్వారు. మంచం పట్టిన మనిషికి వారం తెలియకపోవడం వింత కాదని నేను అడ్డం పడ్డాను. కరణం గారు ఒప్పుకున్నారు. భూతవైద్యుడు కూడా "నిజమేనండీ, నాకూ ఒక్కోసారి తెలీదండీ" అన్నాడు.

నాలుగో ప్రశ్న నాది. నేనే పట్టుబట్టి చేర్పించాను. భర్త పేరు చెప్పమని.

మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలకరు. ఇది బానిసత్వమని నేను ఎన్నో సభల్లో మాట్లాడాను. నా అక్క నలుగురిలో మొగుడి పేరు ధైర్యంగా చెబితే దయ్యం సంగతి తేలడమే గాక, అరుగు మీదున్న వాళ్ళందరికీ ఒక పాఠం అవుతుందని అనుకున్నాను. ఒక దెబ్బకు రెండు పిట్టలు.

కరణం గారు అడిగారు. అక్క తల వంచుకుంది. మెడ ఒకవైపు వాల్చింది. ఆ తరువాత గొంతు సన్నం చేసుకుని, సిగ్గుపడుతూ, చిన్నపిల్లలా ఒక పేరు చెప్పింది. మొదటి భర్త పేరు.

అత్తగారు గుండెలు బాదుకుంది. "విన్నారా! నా కొడుకు ఎదురుగా నిలబడి ఉంటే ఎవడి పేరు చెప్పిందో విన్నారా! లోపల్నుంచి వాడే చెప్పాడండీ!" బావ అరుగు దిగి పశువుల పాక వైపు వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ వాకిట్లోకి రాలేదు.

భూతవైద్యుడు నా వైపు చూసి "వెళ్దామాండీ?" అన్నాడు. అంతే. గెలిచినవాడి ధోరణి ఏమీ లేదు.

ఆ పేరుకు సమాధానం నాకు మూడు రోజుల తరువాత తట్టింది. పన్నెండేళ్ళప్పుడు, మొదటి పెళ్ళిలో, కొత్త కోడలు గృహప్రవేశం చేసేటప్పుడు గుమ్మం దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పించారు. ఆడది మొగుడి పేరు చెప్పడానికి మా ఆచారం ఇచ్చిన సందర్భం అదొక్కటే. రెండో పెళ్ళిలో ఆ ముచ్చట లేదు. అర్థంలేని తంతు అని తీసేయించింది నేను. బావ పేరు ఆమె బతుకులో ఒక్కసారైనా పైకి పలికి ఉండదు. ఎండిపోయిన ఆ బుర్రలో, మొగుడి పేరు చెప్పమంటే దొరికింది తను ఒకప్పుడు నోటితో పలికిన పేరు. అంతకు మించి అందులో మర్మం లేదు. కానీ మూడు రోజుల తరువాత తట్టిన సమాధానం వాదంలో లెక్కకు రాదు.

ఓడినవాడు మాట మీద నిలబడాలి. ఆ పూటే బయల్దేరాం, అక్క, అత్తగారు, భూతవైద్యుడు, నేను. తన ఇంటి దగ్గర మంత్రించి దయ్యానికి కట్టు కట్టేదాకా నీళ్ళు ముట్టకూడదని ఆయన చెప్పాడు. ఆయన పద్ధతులకు అడ్డం రానని నేను చెప్పి ఉన్నాను. తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఏలూరులో దిగాం. స్టేషను దగ్గర జట్కా మాట్లాడాను. జట్కా తోలే సాయిబు నడివయసువాడు. ఊరు దాటాక కాలవ గట్టున గుర్రానికి నీళ్ళు పట్టడానికి ఆపాడు. అక్క ఆ గుర్రం మూతినే చూస్తోంది.

సాయిబు వెనక్కి వచ్చాడు. "ఏవండీ, ఆయమ్మ గొంతు ఎండిపోతోందండీ. నా కూజాలో మంచినీళ్ళున్నాయండీ. పట్టింపు లేదంటే ఇస్తానండీ."

"తురక నీళ్ళా!" అంది అత్తగారు, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

ఆ మాటతో నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పొద్దుటి ఓటమి కసి ఎక్కడో ఒకచోట తీర్చుకోవాలి. జట్కాలోంచి దూకి, సాయిబు చేతిలోని లోటా తీసుకుని, ఆవిడ చూస్తుండగా గటగటా తాగేశాను. "చూడండి, నేను చచ్చానా? నీళ్ళకు కులం ఉందా?" అన్నాను. అలాగే ఒక నాలుగు నిమిషాలు మాట్లాడాను. అక్క కళ్ళు నా గొంతు మీద ఉన్నాయి. గుటక పడినప్పుడల్లా ఆమె గొంతు కూడా కదిలింది.

సాయిబు ఖాళీ లోటా తీసుకుని, "తమరికి కాదండీ నేనడిగింది" అన్నాడు. తరువాత గుర్రాన్ని అదిలించి లంకరేవు దాకా తోలాడు.

రేవులో దోనె ఎక్కాం. పొద్దు పడమటికి వాలుతోంది. కొల్లేరు నిండుగా ఉంది, ఎటు చూసినా నీళ్ళే. భూతవైద్యుడు ముందు నిలబడి గెడ వేస్తున్నాడు. అక్కను నా ఒళ్ళో ఆనించి కూర్చోబెట్టుకున్నాను. రైల్లో, జట్కాలో గుడ్డముక్కలా పడివున్న మనిషి, దోనె అంచు చేతికి తగలగానే కదిలింది. చెయ్యి నీళ్ళలో ముంచింది. అరచెయ్యి దోనెలా వంచి, వణుకుతూ నోటి దాకా ఎత్తింది.

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

గట్టిగా పట్టుకోవలసిన పని కూడా లేకపోయింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోయాయి. ఆమె పెనుగులాడలేదు. మెల్లగా తల తిప్పి నా మొహంలోకి చూసింది. పరాయివాళ్ళతో మాట్లాడేటప్పుడు మా వైపు ఆడవాళ్ళకుండే మర్యాదతో, ముద్దమాటతో అడిగింది.

"ఏవండీ, మీరెవరో గానీ, కాసిని నీళ్ళు పట్టించరాండీ?"

"వచ్చేశాం అక్కా, లంక వచ్చేసింది" అన్నాను.

భూతవైద్యుడు ఆమెకు వాతలు పెట్టలేదు. వేపమండలతో కొట్టలేదు. వాటికి అవసరం రాలేదు. పాకలో పడుకోబెట్టేసరికే ఆమెకు స్మృతి లేదు. ఆయన కట్టు కట్టి, ఇక నీళ్ళు పట్టవచ్చునన్నాడు. నేను చెంచాతో పోశాను. పోసినవి పోసినట్టే చెంప మీదుగా కారిపోయాయి. రెండో రోజు మధ్యాహ్నం పోయింది.

నెల తిరక్కుండా నేను ఒక వ్యాసం రాశాను. రోగంతో ఉన్న ఒక స్త్రీని కొల్లేటి లంకలో ఒక భూతవైద్యుడు నీళ్ళివ్వకుండా చంపాడని రాశాను. పరీక్ష సంగతి రాయలేదు. కొట్టు గది తాళం సంగతి రాయలేదు. దాన్ని చాలామంది మెచ్చుకున్నారు. రెండు పత్రికలవాళ్ళు అడిగి తీసుకుని మళ్ళీ అచ్చు వేశారు. నేను రాసినవాటిలో దానికి వచ్చినంత పేరు మరిదేనికీ రాలేదు. దీనికి ఎదుటి పక్షం నుంచి జవాబు ఉంటే పంపండని కింద నేనే ఒక వాక్యం వేయించాను.

ఆయనకు చదువు రాదు. జవాబు రాలేదు.